మిగులు మందు

హాజరు పట్టీలో ఆవిడకో పేరు ఉంది గానీ, ఆ మూడో అంతస్తులో ఎవరికీ దాంతో పని పడలేదు. అందరికీ ఆవిడ పొదుపక్క. ఇరవైమూడేళ్ల కిందట గాజుసామాను కడిగే పనికి వచ్చింది. కడిగిన ప్రతి బీకరునూ కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, మనసొప్పకపోతే మళ్లీ కడిగేది. ప్రయోగశాల పెద్ద అయిన మేడం అది నాలుగు రోజులు గమనించి, "ఈ చేతుల్ని తొట్టి దగ్గర ఉంచడం అన్యాయం" అని లోపలికి పిలిచి పిపెట్టు చేతికిచ్చింది. ఆవగింజంత చుక్కను పీల్చి, చిటికెన వేలంత గొట్టంలో వదలడం నేర్పింది. ఆ తర్వాత ఎంతమంది పరిశోధక విద్యార్థులు వచ్చారో, ఎంతమంది డాక్టర్లయి వెళ్లారో లెక్క లేదు. వాళ్లందరి పట్టాల వెనకా పొదుపక్క చేతులున్నాయి. వాళ్ల వ్యాసాల్లో మాత్రం ఆవిడ ఎప్పుడూ ఆఖరి పేజీలోనే, కృతజ్ఞతల కింద, చిన్న అక్షరాల్లో.

పొదుపక్క అన్న పేరు ఊరికే రాలేదు. మందులు వచ్చే అట్టపెట్టెలు ఆవిడ చేతిలో పడితే గొట్టాలు నిలబెట్టే అరలైపోతాయి. ఐసు కరిగిన నీళ్లు కిటికీలో మొక్కలకు వెళ్తాయి. ఒకవైపే రాసిన కాగితం చెత్తబుట్టలో కనిపిస్తే ఆవిడకు ఆ పూట మనశ్శాంతి ఉండదు. "అక్కా, నీకు ఊపిరి కూడా వదలబుద్ధి కాదేమో" అని విద్యార్థులు ఏడిపిస్తే, "నేను వదిలిందే మీరు పీలుస్తున్నారు, నోరు మూసుకుని పని చూడండి" అనేది.

వీటన్నిటినీ మించింది రెండో పెట్టె. ప్రయోగాలకు వాడే మందులు పొడిగా వస్తాయి. వాటిని ద్రావకంలో కరిగించి, చిన్న గొట్టాల్లోకి పంచి, ఫ్రీజరులో గడ్డకట్టించి దాస్తారు. ఒక గొట్టం తీస్తే కరిగించి వాడుకుని, మిగిలింది పారేయాలి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. ఫ్రీజరు తలుపుమీద మేడం చేతిరాతతో ఆ నియమం అంటించి ఉంది. పొదుపక్క ఆ తలుపును రోజుకు ఇరవైసార్లు తెరిచేది, ఆ కాగితాన్ని ఇరవైసార్లు చూసేది. మిగిలిన చుక్కల్ని మాత్రం జాగ్రత్తగా మూతపెట్టి, అడుగు అరలో ఉన్న నీలం పెట్టెలో దాచేది. చాలా ఏళ్ల కిందట ఒక మందును ఇలాగే దాచి మళ్లీ వాడి చూస్తే, కొత్తదానికీ దానికీ వెంట్రుకవాసి తేడా కనబడలేదు. ఆ ఒక్క ధైర్యం ఆవిడకు మిగతా మందులన్నిటికీ సరిపోయింది. కొత్త సరుకు రావడం ఆలస్యమై అందరూ తలలు పట్టుకున్న రోజుల్లో ఆ పెట్టె ఆదుకుంది కూడా. మేడంకు ఆ పెట్టె సంగతి తెలుసా అంటే, తెలుసు, తెలియదు. చూసీ చూడనట్టు ఉండేది.

ఆ ప్రయోగశాల పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కణం తన ప్రొటీన్లను ఎలా వదిలించుకుంటుందో చూడటం. మొదట్లో పొదుపక్క, ప్రొటీన్లు కూడా బట్టల్లాగే వాడగా వాడగా నలిగి చిరిగిపోతాయి కాబోలు అనుకుంది. మేడం నవ్వి, "వాటంతట అవి పోవు. కణం పంపిస్తేనే పోతాయి" అంది. కణం లోపల వేల రకాల ప్రొటీన్లుంటే ఒక్కోదానికి ఒక్కో ఆయుష్షు. ఒకటి ఇరవై నిమిషాలు, ఒకటి రెండు రోజులు. కంటి కటకంలో ఉండేవి కొన్ని మనిషితోపాటే పుట్టి ఆఖరిదాకా ఉంటాయి. పాడైనదాన్నీ వంకర తిరిగినదాన్నీ కణం ఎటూ ఉంచదు. వింత ఏమిటంటే, నిక్షేపంలా ఉన్నదాన్ని కూడా, దాని పని అయిపోయిందంటే పట్టుకుని వీపున ఓ చీటీ అంటిస్తుంది. సాధారణంగా ఒక చీటీ చాలదు. చీటీ మీద చీటీ, దానిమీద ఇంకోటి, తోకలాగా కనీసం నాలుగైనా ఉండాలి. పొరపాటున అంటిన చీటీని పీకేసే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. ఆ తోక ఉన్నదాన్ని పీపాలాంటి ఒక యంత్రం పట్టుకుని, చీటీలు ఊడదీసి పక్కకు వదిలి, ప్రొటీనును లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. చీటీలు మళ్లీ పనికొస్తాయి, ముక్కలతో కొత్త ప్రొటీన్లు తయారవుతాయి. పుస్తకాల్లో చీటీని యుబిక్విటిన్ అనీ, పీపాను ప్రొటియాసోమ్ అనీ రాస్తారు. ఆ అంతస్తులో మాత్రం చీటీ, పీపా అనే అనేవారు. పీపాలో పట్టని పెద్ద సరుకుకు వేరే దారి ఉంది. దాన్ని ఒక పొరలో మూటకట్టి, ఆమ్లం ఉండే సంచిలోకి తోసేస్తుంది కణం.

చీటీలు ఊడదీసి దాచుకోవడం పొదుపక్కకు మహా నచ్చింది. "చూశారా, కణానికైనా బుద్ధుంది" అని విద్యార్థుల మొహం మీదే అనేది.

పొడుగమ్మాయి ఆ ప్రయోగశాలకు వచ్చి ఐదేళ్లయింది. పై అరలో సామాను దించాలంటే అందరూ ఆ పిల్లనే పిలుస్తారు కాబట్టి ఆ పేరు. ఆమె పట్టుకున్న ప్రొటీను ఒక రకమైన కట్టు. కణం రెండుగా చీలే ముందు అన్నీ సిద్ధమయ్యేదాకా దాన్ని ఆపి ఉంచుతుంది. సరైన సమయానికి అది పోవాలి. ముందే పోతే లోపలి పంపకం తప్పుతుంది. పోవలసినప్పుడు పోకపోతే కణం గుడ్లు తేలేసి అక్కడే నిలబడిపోతుంది. ఇలాంటివన్నీ పీపాలోకే పోతాయని లోకం నమ్మకం. పొడుగమ్మాయి దాన్ని సరిచూద్దామని మొదలుపెట్టింది, చేతిపని పొదుపక్కది.

పని ఇలా ఉంటుంది. కణాలున్న గిన్నెల్లో ముందు ఒక మందు వేస్తే కొత్త ప్రొటీన్ల తయారీ ఆగిపోతుంది. ఇక ఉన్నవి తరగడమే. సున్నా నిమిషం, ముప్ఫై, అరవై, తొంభై, నూట ఇరవై. ఆయా నిమిషానికి ఆయా గిన్నెను ఐసుమీద పెట్టి, కణాల్ని పగలగొట్టి, అందులోని ప్రొటీనును ఒక పొరమీద నల్లగీతగా చూస్తారు. గీత పలచబడుతూ పోతే ప్రొటీను పోతున్నట్టు. పక్క వరుస గిన్నెల్లో పీపాను మూసే మందు కూడా వేస్తారు. అక్కడ గీత చెక్కుచెదరకుండా ఉంటే, దాన్ని తింటున్నది పీపాయేనని రుజువు.

పొడుగమ్మాయి ప్రొటీను, పీపా మూసినా పోయింది. ఒకసారి కాదు, మూడు నెలల్లో మూడుసార్లు. ఆమ్లపు సంచిని ఆపే మందు వేస్తే కాస్త నిలిచినట్టే అనిపించింది. అంటే ఇది అందరూ అనుకున్న దారిలో పోవడం లేదు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూసింది. "శుక్రవారం పత్రికకు పంపేద్దాం" అంది. ఈ వ్యాసం అచ్చయితే పొడుగమ్మాయికి పట్టా వచ్చినట్టే, పై చదువుకు పిలుపు వచ్చినట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. రచయితల వరసలో రెండో పేరు పొదుపక్కది. ఇరవైమూడేళ్లలో మొదటిసారి.

*

బుధవారం పొద్దున, ఇంట్లో. కూతురు, అల్లుడు, నాలుగు నెలల మనవరాలు పొదుపక్కతోనే ఉంటారు. అల్లుడు అప్పటికే పనికి వెళ్లిపోయాడు. బళ్లో సైన్సు చెప్పే కూతురు సెలవులో ఉంది. సెలవని పేరే గానీ, కళ్లలో ఒత్తులు వేసుకుని పిల్లను కనిపెట్టుకుని ఉండటమే పని. ఎన్నింటికి ఎన్ని మిల్లీలీటర్లు తాగింది, ఎంత కక్కింది, ఎంతసేపు పడుకుంది, అన్నీ రాసిన కాగితం ఫ్రిజ్ తలుపుకు వేలాడుతుంటుంది. పిల్ల మరీ నెమ్మదిగా పడుకున్నా భయమే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, అప్పుడు నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ పొద్దున ఫ్రిజ్ తెరిచి ఒక పాలసీసా బయటికి తీసింది.

"అమ్మా, ఇవెప్పటివి?"

"ఇందాకటివే. అరవై తాగి నిద్రపోయింది. మిగతా ముప్ఫై లోపల పెట్టాను. లేచాక వెచ్చబెట్టి పట్టు."

"ఇందాక అంటే?"

"ఆరింటికి అనుకుంటా."

"ఇప్పుడు ఎనిమిదిన్నర." కూతురు మూత తిప్పి సీసాను తొట్టిలో ఒంపేసింది.

పొదుపక్క ప్రాణం ఉసూరుమంది. "బంగారంలాంటి పాలు! విరిగాయా? వాసనొచ్చాయా? చూడకుండానే పారబోస్తావేమే?"

"విరిగితే నాకు భయమే లేదమ్మా. నీకూ కనిపిస్తుంది, నాకూ కనిపిస్తుంది. తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంటాయి చూడు, అదే నా భయం."

"నిన్ను పెంచినప్పుడు ఈ భయాలన్నీ ఎక్కడున్నాయే? బతికావుగా."

"బతికాను. పది నెలల దాకా ఒకటే వాంతులని నువ్వేగా చెప్తావు."

"అవి పళ్లొచ్చేటప్పటివి."

"పదినెలలూ పళ్లే వచ్చాయా? మొసలిపిల్లనా నేను?"

పొదుపక్కకు నవ్వొచ్చింది గానీ ఓడిపోబుద్ధి కాలేదు. "సీసా మీద నువ్వే కదా టైము రాసి పెట్టింది? దాని ప్రకారం ఇంకా టైముంది."

"అది పాలు కలిపి లోపల పెట్టినప్పటి టైమమ్మా. తర్వాత తీసి వెచ్చబెట్టాం, దాని నోరు తగిలింది, మళ్లీ చల్లబెట్టావు. ఆ సంగతులేవీ ఆ చీటీ మీద ఉండవుగా. చీటీ చూసి మోసపోకు."

కూతురు సీసాను మరిగే నీళ్లలో పడేసి పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. పొదుపక్క మాత్రం అన్నండబ్బా సర్దుకుంటున్నదల్లా ఆగి, గోడకేసి చూస్తూ నిలబడిపోయింది.

పీపాను మూసే మందు. మొదటి వారం, మందు సరిగ్గా పనిచేస్తోందా అని చూడటానికి, పీపాలోకి తప్పకుండా పోయే ఒక తెలిసిన ప్రొటీనుతో పరీక్ష చేశారు. అప్పుడు కొత్త గొట్టం తీసింది. పీపా గట్టిగా మూసుకుంది, తెలిసిన గీత రాయిలా నిలిచింది. ఆ తర్వాత పొడుగమ్మాయి పనికి కావలసింది కొద్ది చుక్కలే. కొద్ది చుక్కల కోసం నిండు గొట్టం తెరవడానికి చేతులు రాలేదు. రెండో పెట్టెలో ఎవరెవరి పనుల్లోంచో మిగిలినవి ఉన్నాయి కదా అని అవే కరిగించింది, మిగిలితే మళ్లీ దాచింది. మూడుసార్లూ అంతే. గొట్టం మీద ఆ పొడి ఏ సరుకులో వచ్చిందో ఆ నంబరూ, దాన్ని ద్రావకంలో కరిగించిన తేదీ ఉన్నాయి. వాటినే పుస్తకంలో రాసింది. అబద్ధం కాదు. తర్వాత ఎన్నిసార్లు కరిగి ఎన్నిసార్లు గడ్డకట్టిందో ఆ అంకెల్లో లేదు. ఆ అంకెలు చూసే, తెలిసిన ప్రొటీనును మళ్లీ చూడక్కర్లేదని అందరూ అనుకున్నారు.

బస్సులో కూర్చుని మనసుకు నచ్చజెప్పుకుంది. ఒక మందు నిలిచింది కదా, ఇదీ నిలిచే ఉంటుంది. మూడుసార్లూ ఒకేలా వచ్చింది కదా. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. మందు చచ్చిపోయి ఉంటే కూడా మూడుసార్లూ ఒకేలాగే వస్తుంది. దిగవలసిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకు పోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చింది.

పొడుగమ్మాయి బల్ల దగ్గర అచ్చుతీసిన కాగితాలు పరుచుకుని ఉంది. "అక్కా, అక్కా! ఇలా రా. ఎక్కడున్నావో చూడు." రచయితల వరసలో ఆవిడ పేరు మీద వేలు పెట్టింది. "పొదుపక్క అని రాద్దామనుకున్నా, మేడం ఒప్పుకోలేదు."

పొదుపక్క ఆ పేరును చూసింది. తనదే, పూర్తిగా, ఒక్క అక్షరం తప్పులేకుండా ఉంది. కళ్లు తుడుచుకుంది.

"ఏంటి, కళ్లనీళ్లా? అచ్చయినప్పుడు ఏడుద్దువుగాని."

"పొగరుమోతుదానా, పని చూసుకో" అని చల్లగదిలోకి వెళ్లిపోయింది.

చెప్పేముందు చూడాలి. చూడకుండా చెబితే అది పుకారవుతుంది, ఇరవైమూడేళ్లలో ఆవిడ పుకార్లు చెప్పలేదు. చల్లగదిలో ఒక మూల, ప్లాస్టిక్ తొడుగుల్లో, పాత పొరలన్నీ ఉన్నాయి. మిగతావాళ్లు బొమ్మ తీసుకున్నాక పొరను పారేస్తారు. ఆవిడ పారేయదు. పొడుగమ్మాయివి మూడూ దొరికాయి. మూడోదాన్ని తీసి, పాత రంగును కడిగి వదిలించి, తెలిసిన ప్రొటీనును పట్టుకునే యాంటీబాడీ పోసి, ఊగే బల్లమీద పెట్టింది. గంటన్నర ఊగింది. కడిగింది. దాన్ని పట్టి చూపించే రెండో యాంటీబాడీ పోసింది. మళ్లీ కడిగింది, అయిదేసి నిమిషాలు మూడుసార్లు. ఆ కడగడంలో ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. బొమ్మ తీసే యంత్రంలో పెట్టి తెర ముందు నిలబడింది.

పీపా మూసినట్టు రాసిన వరుసలో ఎడమనుంచి కుడికి గీత పలచబడుతూ పోయి, నూట ఇరవయ్యో నిమిషానికి తెల్లగా ఖాళీ అయింది. పీపా మూసుకోలేదు. ఎప్పటిలా తింటూనే ఉంది.

*

మధ్యాహ్నం పొడుగమ్మాయి తినడానికి డబ్బా తెరుస్తుంటే పొదుపక్క గుమ్మంలోంచే, "తిన్నాక రా, మాట్లాడాలి" అంది. ముందే చెబితే ముద్ద దిగదని తెలుసు. కానీ అలా అన్నాక ఎవరు తింటారు? డబ్బా మూసేసి ఆ పిల్ల వెంటే వచ్చింది.

"మనవరాలికి బాగుందా అక్కా?"

"దానికేం, రాయిలా ఉంది. ఇది చూడు."

"ఏంటిది?"

"నీ మూడో పొర. తెలిసినదాన్ని చూశాను."

పొడుగమ్మాయి తెరమీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది. "పీపా మూసిన వరుస ఇదేనా?"

"అదే."

"ఇక్కడ గీత ఉండాలి కదా."

"ఉండాలి."

"మందు పనిచేయలేదా? కొత్త గొట్టమే తీశావు కదా?"

పొదుపక్క నీళ్లు నమల్లేదు. "లేదు. రెండో పెట్టెలోది. మూడుసార్లూ."

"పుస్తకంలో నంబరు రాశావు."

"నంబరు నిజమే. అది కరిగి మళ్లీ గడ్డకట్టిన సంగతి రాయలేదు."

ఆ పిల్ల స్టూలు లాక్కుని కూర్చుంది. అంత పొడుగు మనిషీ ఒక్కసారిగా చిన్నదైపోయినట్టుంది. "మిగిలింది ఎంతక్కా? ఒక్కో గొట్టంలో ఎన్ని చుక్కలు?"

"పది. పదిహేను."

"పదిహేను చుక్కలకి మూడు నెలలు పోయాయి."

పొదుపక్క చేతితొడుగులు విప్పి బల్లమీద పెట్టింది.

"చెప్పకపోతే శుక్రవారం వెళ్లిపోయేది" అంది పొడుగమ్మాయి. అది నిష్ఠూరమో, తనలో తను అనుకోవడమో తెలియలేదు.

"వెళ్లేది. తర్వాత ఇంకెక్కడో, నా పొదుపుబుద్ధి లేని మనిషి ఎవరో కొత్త గొట్టం తెరిచి చేసి, ఇది తప్పని తేల్చేది. నీ పేరు మొదట ఉంది తల్లీ, నాది రెండోది. మొదటిదానికే దెబ్బ తగిలేది."

పొడుగమ్మాయి లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. "పద, మేడంకి చెబుదాం. ఒక్కదానివి వెళ్లకు, నిన్ను మింగేస్తుంది."

మేడం మింగలేదు. పొర బొమ్మను బల్లమీద పెట్టుకుని అంతా విని, "ఫ్రీజరు తలుపు మీద నేనొకటి రాశాను" అంది.

"రోజూ చూశాను మేడం."

"చూసి?"

"అది కొత్తగా వచ్చినవాళ్లకి రాశారనుకున్నాను. నాకు కాదనుకున్నాను."

మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. కోపం వచ్చినప్పుడు ఆవిడ గొంతు తగ్గుతుంది. ఇప్పుడు బాగా తగ్గింది. "నేనూ పప్పులో కాలేశాను. అదే పొరమీద తెలిసినదాన్ని చూశారా అని అడగవలసింది. కొత్త సంగతి దొరికిందన్న సంబరంలో అడగలేదు. నా విద్యార్థి మొదటి ఏడాదిలో ఈ తప్పు చేస్తే గుమ్మం బయట నిలబెట్టేదాన్ని." బొమ్మను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "పాత పొరలు కూడా దాచారన్నమాట."

"దాచాను."

"అవి లేకపోతే ఇవాళ ఇది తేలేది కాదు. మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు." బొమ్మను బల్లమీద పెట్టింది. "ఆ నీలం పెట్టె మొత్తం ఒంపేయకండి. ఒక్కొక్కటీ పరీక్షించండి. ఏ మందు నిలుస్తుందో, ఏది నిలవదో రాయండి. ఎన్నిసార్లు కరిగిందో చెప్పలేనిది మాత్రం పారేయండి."

"మేడం, ఆ వ్యాసంలో నా పేరు…"

"దాని సంగతి తర్వాత."

*

గురువారం పొద్దున్నే పొడుగమ్మాయి గిన్నెలు సిద్ధం చేసుకుంది. కొత్త గొట్టం తనే తీసింది. పొదుపక్క చేతితొడుగులు వేసుకుంటుంటే, "వద్దక్కా, ఈసారి నేనే చేస్తాను" అంది, తల ఎత్తకుండా.

ఆ మాట పొదుపక్కకు సూదిలా దిగింది. పోయి ఫ్రీజరు అడుగు అర దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నీలం పెట్టెలో నూట పద్నాలుగు గొట్టాలున్నాయి. ఒక్కోటి తీసి మూతమీది రాత చదివి, ఎడమవైపుకో కుడివైపుకో పెట్టసాగింది. ఇది ఎవరి పనిలో మిగిలింది? ఎన్నిసార్లు కరిగింది? ఒక్కోదాని దగ్గర చెయ్యి ఆగిపోయేది. కొన్నిటి సంగతి ఖచ్చితంగా తెలుసు. చాలావాటి సంగతి తెలుసుననుకుంది గానీ తెలియదు. చేతిలోకి తీసుకుంటే అన్నీ ఒకేలా, నీళ్లలా, స్వచ్ఛంగా ఉన్నాయి. కుడివైపు, తెలియనివాటి కుప్ప పెరుగుతూ పోయింది. అయినా ఆగలేదు. ఆ కుప్పను ఎత్తి మందుల వ్యర్థాల డబ్బాలో పోసి మూత బిగించింది.

అటు బల్ల దగ్గర గడియారం మోగింది. ముప్ఫయ్యో నిమిషం. మూడు వరుసలు, మూడు గిన్నెలు, మూడూ ఒకేసారి ఐసుమీదికి రావాలి. పొడుగమ్మాయి ఒకటి కడుగుతుండగా రెండోది ఆరిపోవడం మొదలైంది. ఐదేళ్లలో ఈ పని పక్కన నిలబడి చూడటమే గానీ చేతులు పెట్టింది తక్కువ. మూడోది మోచేతికి తగిలి బల్ల అంచుదాకా జారింది.

"అక్కా!"

పొదుపక్క అప్పటికే లేచి నిలబడి ఉంది. వచ్చి గిన్నెను రెండు వేళ్లతో ఆపింది.

"గడియారం నువ్వు చూడు" అంది పొడుగమ్మాయి.

అరవయ్యో నిమిషానికి పొదుపక్క సెకన్లు చెబుతూ పక్కన నిలబడింది. తొంభయ్యో నిమిషానికి రెండు నిమిషాల ముందు పొడుగమ్మాయి పిపెట్టును బల్లమీద పెట్టి, "పడేసుకునేలా ఉన్నాను. పట్టుకో" అంది. "మందు మాత్రం నేను చూస్తూనే ఉంటాను, ఏమీ అనుకోకు."

"చూడు. కళ్లు పెద్దవి చేసుకుని చూడు."

తొంభై, నూట ఇరవై నిమిషాలు పొదుపక్క చేతుల మీదుగా పోయాయి. చుక్క పక్కకు పడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, పత్రికకు పంపవలసిన గంటకు, ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. తయారీ ఆపే మందు తప్ప ఇంకేదీ వేయని మొదటి వరుసలో గీత పలచబడుతూ పోయింది. పీపా మూసిన వరుసలో గీత సున్నా నుంచి నూట ఇరవై దాకా నల్లగా, ఒకే మందాన నిలిచింది. తెలిసిన ప్రొటీను కూడా అంతే. ఆమ్లపు సంచిని ఆపిన మూడో వరుసలో, మొదటి వరుసలో ఎలా పోయిందో అలాగే పోయింది. మూడు నెలల కింద నిలిచినట్టు అనిపించింది, అలా కావాలనుకున్న కళ్లకు అనిపించిందే.

"అందరిలాంటిదే" అంది పొడుగమ్మాయి. "మామూలు ప్రొటీను. పీపాలోకే పోతుంది." ఏడుస్తుందేమోనని పొదుపక్క పక్కకు చూసింది. ఏడవలేదు. ఆ పిల్ల తెరకు మరీ దగ్గరగా వంగింది. "మేడం, గీత పైన ఇవేంటి?"

పీపా మూసిన వరుసలో, నల్లగీతకు పైన, సమానదూరంలో సన్నటి బూడిదరంగు గీతలు నిచ్చెనమెట్లలా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ మసకబారుతున్నాయి. మేడం వెలుతురు పెంచింది. పీపా దాకా వెళ్లి, అది మూసి ఉంటే లోపలికి పోలేక, చీటీల తోకతో బయటే నిలిచిపోయిన ప్రొటీను. ఒక్కో మెట్టు ఒక్కో చీటీ. చచ్చిన మందుతో మూడు నెలలు చూసినా ఇవి కనబడే అవకాశమే లేదు. అంటించీ అంటించగానే పీపా మింగేసేది.

"ఈ ప్రొటీనుకు చీటీలు అంటడం ఇంతవరకు ఎవరైనా చూపించారా?" మేడం పొడుగమ్మాయిని అడిగింది.

"నేను చదివినంతలో లేదు. అంటుతాయని అనుకున్నారు అంతే."

"చదివినంతలో అనకు. ఇవాళ సాయంత్రంలోపు మొత్తం వెతికి చెప్పు. దొరకకపోతే ఇది చిన్న వ్యాసమే అవుతుంది. కానీ నిజమైనది." మేడం వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "పట్టా ఆరునెలలు ఆలస్యమవుతుంది, తెలుసుగా."

"తెలుసు మేడం."

మేడం వెళ్లాక పొదుపక్క గొంతు సవరించుకుంది. "ఆరునెలలు…"

"నీ మనవరాలు నిలబడేసరికి అయిపోతాయిలే." పొడుగమ్మాయి తెరమీంచి కళ్లు తీయలేదు. "మేడంని నీ పేరు తీసేయమన్నావట."

"ఏ మొహం పెట్టుకుని ఉంచమంటాను?"

"ఉండనీ. పేరుంటే రేపు తిట్లు కూడా పడతాయి. నేనొక్కదాన్నే ఎందుకు పడాలి?" కుర్చీ పక్కకు జరిపి చోటిచ్చింది. "కూర్చో, నీ కళ్లు నాకంటే మంచివి. ఎన్ని మెట్లున్నాయి?"

పొదుపక్క ఒక కన్ను మూసి, వేలు తెరకు తగలకుండా గాల్లో పెట్టి, కిందనుంచి పైకి లెక్కపెట్టింది.

"నాలుగు."

"నాకు ఐదు కనిపిస్తున్నాయి. ఇదిగో, ఇది."

"అది గీత కాదే. కడిగేటప్పుడు మిగిలిన మచ్చ."

"మచ్చ అంత తిన్నగా ఉంటుందా?"

పొదుపక్క ఇంకోసారి చూసింది. ఔనని చెప్పడానికి మనసు ఉవ్విళ్లూరింది గానీ నోరు రాలేదు. "తెలియదు" అంది. "సోమవారం మళ్లీ చేద్దాం. కొత్త గొట్టం నువ్వే తియ్యి."